టెంపరేచర్ సెన్సర్: కంపెనీదా, బయటి బ్రాండా, లోకల్ ముక్కా? ఏది మేలు?

డీజిల్ వ్యాన్లు తిప్పేవాళ్లు ఈ మధ్య అడిగిందే అడుగుతున్నారు. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, స్కానర్ పెడితే పి0118 అని తప్పు కోడ్ వచ్చింది, మెకానిక్ కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ (ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ ఎంత వేడిగా ఉందో చెప్పేది) మార్చేయమన్నాడు, ఇప్పుడు షోరూంలో కొనాలా లేక ఆటోనగర్‌లో దొరికింది వేసుకోవచ్చా అని. వింగర్ వాళ్లదీ ఇదే ప్రశ్న, ట్రావెలర్ వాళ్లదీ ఇదే. నా మాట ముందే చెప్పేస్తాను: వారంటీ దాటిన బండికైతే పేరున్న బయటి బ్రాండే మేలు. కాకపోతే ఏది కొన్నా బిగించే ముందు మల్టీమీటర్ (కరెంటు లెక్కలు కొలిచే చేతి మీటరు) పెట్టి చూడాల్సిందే.

అసలు కొనే ముందు ఇంకో సంగతి. కోడ్ వచ్చినంత మాత్రాన సెన్సర్ పోయినట్టు కాదండీ. పి0118 అంటే ఆ సర్క్యూట్ ఎక్కడో తెగిందని, పి0117 అంటే ఎక్కడో షార్ట్ అయిందని, అంతే. తెగింది సెన్సర్ లోపలా, వైరులోనా, కప్లర్ (వైర్లను సెన్సర్‌కి కలిపే ప్లగ్గు) దగ్గరా అన్నది స్కానర్‌కి తెలియదు. కీ ఆన్ చేసి, స్కానర్‌లో కూలెంట్ టెంపరేచర్ చూస్తూ కప్లర్ పీకండి, మైనస్ 40 దగ్గర చూపించాలి. తర్వాత కప్లర్ వైపు రెండు పిన్నులనూ సన్న తీగతో కలపండి (రెండు వైర్ల సెన్సర్ సంగతే చెప్తున్నా), అంకె ఒక్కసారిగా పైకి, 120 దాటి పోవాలి. రెండూ ఇలాగే వస్తే వైరింగ్, ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) బాగున్నట్టే, తప్పు సెన్సర్‌దే. ఇలా రాకపోతే ఎంత ఖరీదైన సెన్సర్ వేసినా లైటు ఆరదు. అప్పుడు కప్లర్ లోపల టార్చి వేసి చూడండి. పిన్నుల చుట్టూ పచ్చగా చిలుము పట్టి ఉంటుంది చాలాసార్లు, సెన్సర్ గుండా కూలెంట్ చెమ్మ పైకి పాకి పట్టేది అది.

పి0128 (ఇంజిన్ కావాల్సినంత వేడెక్కడం లేదని) వస్తే మాత్రం సెన్సర్ జోలికి వెళ్లే ముందు థర్మోస్టాట్ చూడండి, ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు అది. మన దగ్గర ఎండలు ఎక్కువని కొందరు మెకానిక్‌లు ఆ వాల్వే తీసి పక్కన పడేస్తారు, ఇంజిన్ ఎప్పటికీ సరిగ్గా వేడెక్కదు, నింద సెన్సర్ మీద పడుతుంది.

ఇక అసలు పోటీ. నా లెక్కలో తేల్చేది ధరా కాదు, డబ్బా మీద పేరూ కాదు, ఓమ్స్, అంటే సెన్సర్ రెసిస్టెన్స్ కొలత. ఈ సెన్సర్ వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గే ముక్క. చాలా బండ్లలో కనిపించే రకానికి 20 డిగ్రీల దగ్గర సుమారు 2500 ఓమ్స్, 30 దగ్గర 1700, 80 దగ్గర 300 పైచిలుకు, 100 దగ్గర 190 లోపు ఉంటుంది. మీ బండికి వేరే లెక్క ఉంటే సర్వీస్ మాన్యువల్‌లో ఇస్తారు. ఈసీఎం చూసేది వేడిని కాదు, ఈ ఓమ్స్‌ని చూసి తన దగ్గరున్న పట్టికలోంచి డిగ్రీలు తీసుకుంటుంది. లోకల్ ముక్కతో చిక్కు ఇక్కడే. థ్రెడ్ సరిపోతుంది, కప్లర్ టక్కున కూర్చుంటుంది, లైటు ఆరిపోతుంది, అందరూ హ్యాపీ. కానీ దాని ఓమ్స్ లెక్క ఆ పట్టికకు కలవకపోతే ఇంజిన్ నిజంగా 95లో ఉంటే ఈసీఎం 80 అనుకుంటుంది. తెగలేదు, షార్ట్ కాలేదు కాబట్టి కోడ్ కూడా రాకపోవచ్చు. ఫ్యాన్‌ని ఈసీఎం నడిపే బండిలో ఫ్యాన్ ఆలస్యంగా తిరుగుతుంది. కొత్త బండ్లలో చాలావాటికి మీటరు ముల్లు కూడా ఈ సెన్సర్ మాటే వింటుంది గనక, శ్రీశైలం ఘాట్‌లో ఫుల్ లోడు, ఏసీ వేసుకుని ఎక్కుతుంటే ముల్లు నిమ్మళంగా మధ్యలోనే ఉంటుంది, ఇంజిన్ మాత్రం ఉడికిపోతుంటుంది. తేడా మరీ ఎక్కువైతే ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని డీజిల్ ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. బీఎస్6 బండిలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) శుభ్రం చేసుకునే పని కూడా మొదలుకాకపోవచ్చు. అదే ఉన్నదానికంటే ఎక్కువ వేడి చూపించే ముక్క పడితే హీటర్ ప్లగ్గులు (చల్లటి ఇంజిన్ స్టార్ట్ కావడానికి లోపల వేడి పుట్టించేవి) సరిపడా పనిచేయక పొద్దున సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగిపోతుంది. పాత మెకానికల్ పంపు బండ్లకు ఇంత గొడవ లేదు, అక్కడది మీటరు ముల్లును ఆడించే పనే చేస్తుంది.

పరీక్ష ఇంట్లోనే అయిపోతుంది. స్టీలు గ్లాసులో వేడినీళ్లు పోసి, సెన్సర్ ఇత్తడి భాగం మాత్రమే మునిగేలా పట్టుకుని, రెండు పిన్నులకూ మల్టీమీటర్ పెట్టి, పక్కన వంటింటి థర్మామీటర్ ఉంచండి. నీళ్లు చల్లారేకొద్దీ ఓమ్స్ మెల్లగా పెరుగుతూ పోవాలి, మధ్యలో ఎగిరి దూకకూడదు. 80 దగ్గర ఒక అంకె, గది వేడి దగ్గర ఇంకోటి రాసుకుని లెక్కతో పోల్చండి.

కంపెనీది కొంటే ఈ టెన్షన్ దాదాపు ఉండదు, నిజమే. కానీ సెన్సర్లను బండి కంపెనీలు చాలావరకు బయట తయారీదారుల దగ్గరే కొంటాయి, మనం ఎక్కువ ఇచ్చేది డబ్బా మీద ముద్రకి. వారంటీ ఉన్న బండైతే మాత్రం ఆలోచించకండి, నేరుగా షోరూంకే వెళ్లండి. బయటి బ్రాండ్‌కి ఉన్న ఒకే గండం డూప్లికేట్. తెలిసిన షాపులో, పాత ముక్క మీది పార్ట్ నంబరు చూపించి, బిల్లుతో కొనండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట బిల్లు ఇవ్వనన్నవాడి పక్కనే ఇచ్చేవాడూ ఉంటాడు. లోకల్ ముక్క దారిలో ఆగిపోయినప్పుడు ఇల్లు చేరడానికి. తుక్కు బండిలోంచి తీసింది ఊరికే ఇచ్చినా వద్దు.

మార్చడం పెద్ద పనేం కాదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే కూలెంట్ ట్యాంకు మూత తీయండి, వేడి మీద తీస్తే ముఖం కాలుతుంది. కింద తొట్టె పెట్టి కొద్దిగా కూలెంట్ దించి, పాతది విప్పి, కొత్త వాషరో ఓ-రింగో వేసి బిగించండి. సెన్సర్ కూర్చునే హౌసింగ్ చాలా బండ్లలో అల్యూమినియం కాబట్టి బలం చూపిస్తే థ్రెడ్ పోతుంది. టెఫ్లాన్ టేపు చుట్టకండి, ముఖ్యంగా ఒకే వైరు ఉన్న మీటరు సెన్సర్‌కి, దానికి ఎర్త్ అందేది బాడీ నుంచే. కారిన కూలెంట్ నీళ్లు పోసి కడిగేయండి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది విషం. తర్వాత క్యాబిన్ హీటర్ ఫుల్‌లో పెట్టి ఇంజిన్ నడిపి గాలి బయటికి పోనివ్వాలి. సెన్సర్ దగ్గర గాలి బుడగ నిలిస్తే ఎంత మంచి ముక్కైనా తప్పే చెప్తుంది. కోడ్ క్లియర్ చేసి, మర్నాడు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు లెవెల్ చూసి తగ్గితే పోయండి, మొదట్లో ఒకటి రెండుసార్లు తగ్గడం మామూలే.