వాల్‌హైమ్: లోహాన్ని తవ్వడం తేలిక, ఇంటికి చేర్చడమే అసలు ఆట

ఒంటిమీది గుడ్డలతో తెలియని నేలపై దిగి, రాళ్లూ కర్రలూ ఏరుకుని, క్రమంగా ఇల్లు, ఆయుధం, పడవ సమకూర్చుకునే ఆటలు ఇప్పుడు స్టీమ్ అనే కంప్యూటర్ ఆటల ఆన్‌లైన్ దుకాణంలో కోకొల్లలుగా ఉన్నాయి. వాటిలో చాలావాటిలో లోహం అంటే రాతిలోంచి ఊడగొట్టి సంచిలో వేసుకునే మరో వస్తువు మాత్రమే. స్వీడన్‌కు చెందిన ఐరన్ గేట్ సంస్థ తయారుచేయగా 2021 ఫిబ్రవరి 2న ఎర్లీ యాక్సెస్‌లో, అంటే పూర్తికాకముందే అమ్మే పద్ధతిలో, విడుదలైన వాల్‌హైమ్‌లో మాత్రం లోహానికి నిజమైన బరువు ఉంది, దాని గనికీ మన ఇంటికీ మధ్య నిజమైన దూరం ఉంది. విజయవాడలో నేను, గుంటూరులో మా బావమరిది, మరో ఇద్దరు మిత్రులు కలిసి ఈ ఆటను ఆడుతున్నాం. పోరాటాల గురించీ దృశ్యాల అందం గురించీ ఇప్పటికే చాలామంది రాశారు కనుక, నేను లోహ సేకరణనే పట్టుకుని ఈ ఆటను పరిశీలిస్తాను. కొనదగినదా అని అడిగితే, నిస్సందేహంగా కొనదగినదే. అయితే ఇనుము దశలో ఆటగాడి ఓర్పును అది అవసరానికి మించి పరీక్షిస్తుంది.

మొదటి బాస్, అంటే దశ చివర ఎదురయ్యే పెద్ద శత్రువు, అయిన ఐక్థీర్ అనే దుప్పిని ఓడించేవరకు లోహం ఊసే ఉండదు. దాని కొమ్ములతో పికాక్స్ చేసుకున్న తరువాత బ్లాక్ ఫారెస్ట్ అనే అడవి ప్రాంతంలోకి అడుగుపెడితే, రాగి పెద్ద పెద్ద బండల రూపంలోనూ, తగరం నీటి ఒడ్డున నల్లని చిన్న రాళ్ల రూపంలోనూ కనిపిస్తాయి. రాగి బండలో పైకి కనిపించేది కొంతే. ఎక్కువ భాగం నేలలో ఉంటుంది. కొత్తవాళ్లు పైభాగాన్ని చెక్కి, అయిపోయిందనుకుని మరో బండ వెతుక్కుంటూ వెళ్లిపోతారు. అలా కాకుండా చుట్టూ మట్టి తవ్వి, బండ కిందికి కూడా దారి చేసి, దానికి నేలతో ఏ ఆధారమూ లేకుండా చేయగలిగితే, ఆపైన ఒక్క దెబ్బకు మొత్తం బండ ముక్కలై రాలుతుంది. అడవిలో తిరిగే ట్రోల్ అనే భారీకాయుడి దుడ్డుకర్ర దెబ్బలకు కూడా రాగి బండ పగులుతుంది. ధైర్యం ఉన్నవాళ్లు వాణ్ణి బండ పక్కకు రప్పించి, తాము తప్పుకుంటూ వాడిచేతనే తవ్వకం పని చేయించుకుంటారు. మా బావమరిదికి ఈ విద్య బాగా అబ్బింది. "బావా, నువ్వు బొగ్గు సంగతి చూడు, రాగి సంగతి ట్రోల్‌కు అప్పజెప్పాను" అని వాడు అంటే, ఆ పూట గనికి మనిషి అవసరం లేనట్టే.

ముడి ఖనిజం చేతికి వచ్చాక దాన్ని కరిగించే కొలిమి, అంటే స్మెల్టర్, కావాలి. దానికి 20 రాళ్లు, 5 సర్ట్‌లింగ్ కోర్‌లు కావాలి. బొగ్గు బట్టీకి కూడా అంతే. ఈ కోర్‌లు పాతకాలపు సమాధి గదుల్లో అస్థిపంజరాల కాపలా మధ్య దొరుకుతాయి కనుక, లోహం పని మొదలుపెట్టాలంటే ముందు చీకటి గదుల్లోకి దిగక తప్పదు. స్మెల్టర్ ఒక్కో ఖనిజాన్ని కరిగించడానికి 30 సెకన్ల సమయమూ 2 బొగ్గులూ తీసుకుంటుంది. బట్టీలో ఒక కర్రకు ఒక బొగ్గు వస్తుంది. 2 రాగి, 1 తగరం కలిస్తే 1 కంచు. కంచు కవచం మూడు భాగాలకూ కలిపి 15 కంచు కావాలి, అంటే 45 ఖనిజాలు, 90 బొగ్గులు, ఆ బొగ్గుల కోసం 90 కర్రలు, ఒకే స్మెల్టర్ ఉంటే ఇరవై రెండున్నర నిమిషాల ఎదురుచూపు. ఈ లెక్క నాకు నచ్చింది. లోహం ఖరీదు అసలు గనిలో కన్నా అడవిలో ఎక్కువగా పడుతుందని, బొగ్గు కోసం చెట్లు కొడుతూ పోతే ఇంటి చుట్టూ అడవి పలచబడుతుందని ఆట మాటల్లో చెప్పకుండానే అర్థమయ్యేలా చేస్తుంది.

కంచు నిష్పత్తి విషయంలో మాత్రం ఒక మాట చెప్పాలి. మా జవహర్ ఆటోనగర్‌లో లేత్ పనివాళ్లకు బాగా తెలిసిన గన్‌మెటల్‌లో సాధారణంగా రాగి 88, తగరం 10, జింకు 2 పాళ్లు ఉంటాయి. గంటలు పోసే కంచులో కూడా తగరం అయిదో వంతుకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. ఈ ఆటలో మాదిరిగా మూడో వంతు తగరం కలిపితే వచ్చేది గాజులా పెళుసైన తెల్లని లోహం; కేరళలోని ఆరన్ముళ లోహపు అద్దాలు దాదాపు ఆ కోవకు చెందినవే. ఆ కంచుతో చేసిన కత్తిలో ముఖం చూసుకోవచ్చు గానీ ట్రోల్‌ను కొట్టలేం. ఆటకు లెక్క సులువుగా ఉండాలి కనుక దీన్ని దోషంగా ఎంచను. నిష్పత్తిలో సగం స్వేచ్ఛ తీసుకున్నవాళ్లు ఇనుము విషయంలో ఎంత శ్రద్ధ చూపారో గమనిస్తే మాత్రం ముచ్చట వేస్తుంది. స్కాండినేవియాలో వైకింగుల కాలపు ఇనుములో చాలా భాగం బురద నేలల్లో పేరుకునే ఖనిజం నుంచే వచ్చింది. ఈ ఆటలోనూ ఇనుము చిత్తడి నేలల్లోనే దొరుకుతుంది.

ఆటకు ప్రాణమైన నియమం పోర్టల్ దగ్గర ఎదురవుతుంది. ఒకే పేరు పెట్టిన రెండు పోర్టల్‌ల మధ్య మనిషి క్షణంలో వెళ్లిరావచ్చు. ఆయుధాలు, కవచాలు, ఆహారం, కలప అన్నీ వెంట వస్తాయి. రాగి, తగరం, కంచు, ఇనుము, వెండి మాత్రం ముడి రూపంలో ఉన్నా, కరిగించినా, పోర్టల్ గుండా రావు. మొదటిసారి ఈ నియమం ఎదురైనప్పుడు చాలామంది దాన్ని అనవసరపు అడ్డంకిగా భావిస్తారు. నా అభిప్రాయంలో, ఈ ఒక్క నియమాన్ని తీసేస్తే వాల్‌హైమ్‌లో మిగిలేది అందమైన, సామాన్యమైన ఆట మాత్రమే. లోహం పోర్టల్‌లో రాదు కనుకనే బండి కావాలి, బండికి దారి కావాలి, దారి కోసం కొండ చదును చేయాలి, వాగుపై వంతెన కట్టాలి, సముద్రం దాటాలంటే పడవ కావాలి, పడవకు గాలి అనుకూలించాలి, ఇన్నీ ఉన్నా ఇల్లు ఎక్కడ కట్టుకోవాలన్నది ముందే ఆలోచించుకోవాలి. ఆటగాడు తనంతట తాను వేసే రోడ్లన్నింటికీ మూలకారణం ఈ నిషేధమే.

ఇక ఇనుము. రెండో బాస్ అయిన ఎల్డర్‌ను ఓడిస్తే దొరికే తాళంచెవితో చిత్తడి నేలల్లోని మునిగిన సమాధుల తలుపులు తెరుచుకుంటాయి. లోపల దారికి అడ్డంగా ఉన్న బురద కుప్పలను తవ్వుతూ పోతే తుక్కు ఇనుము వస్తుంది. విషం చిమ్మే జిగురు ముద్దలు, చచ్చి తిరిగే ద్రాగర్ యోధులు, మోకాలి లోతు నీళ్లు, ఎడతెగని వాన, వీటన్నిటి మధ్య సేకరించిన తుక్కును ఇంటికి చేర్చడం అసలు పరీక్ష. మనిషి మోయగలిగే బరువు ఆట లెక్కలో 300. తుక్కు ఇనుము ఒక్కొక్కటి 10, కరిగించిన ఇనుము ఒక్కొక్కటి 12. అంటే చిత్తడి పక్కనే స్మెల్టర్ పెట్టి కరిగించుకుని తెస్తే బరువు తగ్గకపోగా పెరుగుతుంది. కాబట్టి తుక్కును తుక్కుగానే పడవకెక్కించాలి. కార్వే అనే చిన్న పడవలో సరుకుకు నాలుగు గళ్లు, గడికి 30 చొప్పున 120 తుక్కు పడుతుంది. లాంగ్‌షిప్‌లో పద్దెనిమిది గళ్లు ఉంటాయి కనుక 540 దాకా పట్టవచ్చు. చిక్కేమిటంటే లాంగ్‌షిప్ కట్టడానికే ఇనుప మేకులు కావాలి, కనుక మొదటి ఇనుమును చిన్న పడవలోనే, సముద్రపు సర్పం వెంటపడితే ఏమవుతుందోనన్న భయంతోనే తేవాలి. తెర చాపలో ఎదురుగాలి కొడుతుండగా, నలుగురమూ హెడ్‌ఫోన్లలో ఊపిరి బిగబట్టి తీరం కోసం చూసిన రాత్రులు ఈ ఆటలో నాకు అన్నిటికన్నా బాగా గుర్తుండిపోయాయి.

అయినా ఇక్కడే ఆటను తప్పుపట్టాలి. కంచు కవచానికి 15 కంచు సరిపోగా, ఇనుప కవచం మూడు భాగాలకు భాగానికి 20 చొప్పున 60 ఇనుము కావాలి, అది మొదటి స్థాయికి మాత్రమే. ఆపై స్థాయిలకు ఇంకా కావాలి, ఆయుధాలకు వేరుగా కావాలి, రాతి కట్టడాల బల్లకు, మేకులకు, ఇనుప దూలాలకు కూడా కావాలి. నలుగురు ఆడుతున్నప్పుడు ఈ అవసరం నాలుగింతలవుతుంది, సమాధుల సంఖ్య మాత్రం నాలుగింతలు కాదు. మొదటి సమాధిలో ఉన్న భయం నాలుగోదానిలో ఉండదు. అదే గదుల అమరిక, అవే బురద కుప్పలు, అవే శత్రువులు. రవాణాలోని కష్టం ప్రతిసారీ కొత్తగా ఉంటుంది, ఎందుకంటే గాలీ వానా అలలూ మారుతుంటాయి; తవ్వకంలోని కష్టం మాత్రం పునరావృతమే. తయారీదారులు ఈ రెండింటి మధ్య తేడాను గుర్తించి ఇనుము అవసరాన్ని కొంత తగ్గించి ఉంటే బాగుండేది.

ఆ తరువాతి లోహాల గురించి క్లుప్తంగా చెబితే చాలు. బోన్‌మాస్ అనే మూడో బాస్ ఇచ్చే విష్‌బోన్ ధరిస్తే, మంచు కొండల్లో మంచు కింద దాగిన వెండి దగ్గరకు వచ్చేకొద్దీ సంకేతం వేగం పెరుగుతుంది. ఈ వెతుకులాట సరదాగా ఉంటుంది, కొండ మీది నుంచి బండిని దింపడం అంతకన్నా సరదాగా, కొంత ప్రమాదకరంగా ఉంటుంది. మైదానాల్లోని నల్ల లోహాన్ని తవ్వనక్కరలేదు, ఫ్యూలింగ్ అనే మరుగుజ్జులను చంపితే వాళ్ల నుంచి తుక్కుగా దొరుకుతుంది. గని లేని ఈ లోహం నాకు అంతగా రుచించలేదు. 2024 మే నెలలో వచ్చిన ఆష్‌ల్యాండ్స్ అనే కొత్త ప్రాంతంలో ఫ్లేమ్‌టల్ అనే లోహం ఉంది. లావాలో నిలబడిన స్తంభాలను తవ్వడం మొదలుపెడితే అవి మునగడం మొదలుపెడతాయి, అందినంత తవ్వుకుని గట్టు చేరాలి. చాలాకాలం తరువాత తవ్వకానికి మళ్లీ కొత్తదనం వచ్చింది ఇక్కడే. ఆ ప్రాంతపు రాతి పోర్టల్‌లో లోహాలు కూడా వెళ్తాయి. అంత దూరం వచ్చిన ఆటగాడికి ఇచ్చిన విశ్రాంతిగా దాన్ని నేను సమర్థిస్తాను.

పగలంతా ఉద్యోగం చేసి రాత్రి ఓ గంటో గంటన్నరో దొరికే మా వంటివాళ్లకు 2023 ఆగస్టులో వచ్చిన మార్పు పెద్ద ఊరట. అప్పటి నుంచి ప్రపంచం సృష్టించేటప్పుడే కొన్ని నియమాలను మార్చుకోవచ్చు. దొరికే వనరుల పరిమాణాన్ని ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు, మూడు రెట్లు చేసుకోవచ్చు. పోర్టల్‌లో లోహాలను అనుమతించుకోవచ్చు కూడా. రెండో దాన్ని ముట్టుకోవద్దని, మొదటిదాన్ని మాత్రం ఒకటిన్నర రెట్లకు పెంచుకోమని నా సలహా. పోర్టల్ తెరిస్తే రోడ్లూ పడవలూ రేవులూ అన్నీ అలంకారాలుగా మిగిలిపోతాయి. వనరులు పెంచితే, విసుగు పుట్టించే తవ్వకం తగ్గి, రక్తి కట్టించే రవాణా యథాతథంగా ఉంటుంది. మా బృందంలో ఒకరు మూడు రెట్లు కావాలని పట్టుబట్టారు. అంత పెంచితే లాంగ్‌షిప్ అవసరం రాకముందే పెట్టెలు నిండిపోతాయని తక్కినవాళ్లం ఒప్పుకోలేదు.

కొనేముందు తెలుసుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది. ప్రత్యేకమైన సర్వర్ అద్దెకు తీసుకోకపోతే, ప్రపంచం మొత్తం ఒకరి కంప్యూటర్‌పైనే నడుస్తుంది. ఆ ఒక్కరు లేకపోతే తక్కినవాళ్లకు ఆట లేదు. వేసవిలో మా వీధిలో కరెంటు పోతే, గుంటూరులో కరెంటు ఉన్నా మా బావమరిది పడవ నడిసముద్రంలో ఆగిపోతుంది. అందుచేత యూపీఎస్ ఉన్నవారి కంప్యూటర్‌ను, లేదా రాత్రుళ్లు కరెంటు నిలకడగా ఉండే ఇంటిని ముందే ఎంచుకోవాలి. ఇక ఆటలో మొదటి స్మెల్టర్‌ను ఎంత అందమైన కొండ దొరికినా దానిపై కట్టకుండా, బ్లాక్ ఫారెస్ట్ అంచున, లోతైన నీళ్లు తగిలే ఒడ్డున కట్టుకోండి. రాగికి బండి, తగరానికి నడక, తరువాత రాబోయే ఇనుముకు పడవ, మూడూ ఒకే వాకిట్లో ఆగుతాయి.