లాస్ అలమోస్ నాటికకి రాజమండ్రి డ్రస్సులు పనికొస్తాయా?

1943-45 నాటి లాస్ అలమోస్, అమెరికాలో ఆటంబాంబు తయారైన రహస్య ఊరు. అక్కడ ఇద్దరు ఆడవాళ్ల ప్రేమ మీద నాటిక వేసే సమాజాలకి రాజమండ్రిలో నాటకాల డ్రస్సులు, సామాను అద్దెకిచ్చే ఈ షాపు సగమే అక్కరకొస్తుంది. కిరీటాలు, గదలు, భుజకీర్తులైతే కళ్లు మూసుకుని తెచ్చుకోవచ్చు. తంటా అంతా మిలిటరీ డ్రస్సుల దగ్గరే.

ఒకామె అమెరికా సైన్యపు మహిళా దళం మనిషి, ఇంకొకామె లెక్కలు కట్టే ఉద్యోగిని. దళం మనిషికి షాపులో ఇచ్చేది మన పోలీసు ఖాకీ, బొత్తాల మీద సింహాలతో సహా! వేసవి సీనుకి ఖాకీ నడుస్తుంది గానీ చలికాలానికి ముదురు ఆలివ్ రంగు ఉండాలి, కింద స్కర్టు. సింహాల బొత్తాలు తీసి మామూలు ఇత్తడివి కుట్టించండి. తీసినవి పారేస్తే అడ్వాన్సులో కోత పడుతుంది.

ఉత్తరాలకి ఇక్కడి కవర్లు అసలు తేవద్దు. అడ్రసు ‘పోస్టు బాక్సు 1663, శాంటా ఫే’ అని ఉండాలి, లాస్ అలమోస్ పేరు కనపడకూడదు. బయటికెళ్లే ఉత్తరం అంటించకుండానే ఇవ్వాలి, సెన్సారువాళ్లు చదివాకే అంటిస్తారు. ప్రేమలేఖ రాసిన పిల్ల స్టేజీ మీద కవరు నాకి అంటించిందంటే ఆ సెన్సారు భయం కాస్తా గాలికి పోయినట్టే.

అసలు ప్రాణం నీలం కాగితంలో ఉంది. ఇలాంటి ప్రేమ బయటపడితే సైన్యం చేతిలో పెట్టే ‘బ్లూ డిశ్చార్జి’, అంటే కొలువు నుంచి పంపేసే ఉత్తర్వు, నీలం కాగితం మీదే ఉండేది. దాంతో ఇంటికెళ్తే మాజీ సైనికులకిచ్చే సాయాలు అందేవి కావు. షాపులో ఉన్నది తెల్లకాగితం దస్తావేజు, అదీ తెలుగులో. నీలం కాగితం మీరే కొనుక్కోండి. ఆ సీనుకి లైటింగు వాళ్లు అలవాటుగా నీలం లైటు వేస్తారు, అందులో నీలం కాగితం కూడా తెల్లగానే కనపడుతుంది. తెల్లలైటు వెయ్యమనండి.

ముళ్లకంచె మాత్రం భేషుగ్గా ఉంది: కొబ్బరితాడుకి నాలుగంగుళాలకో ముడి, పైన వెండి పెయింటు. బట్టలకి తగులుకోదు, పది గజాల దూరం నుంచి నిజం ఇనుములా మెరుస్తుంది.

సైరన్ వద్దు. వాళ్లిచ్చేది ఎక్కుతూ దిగే బాంబుల సైరన్. లాస్ అలమోస్ మీద బాంబులు పడలేదు, అక్కడ సైరన్ కూసేది పనివేళకి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాల బాంబులు తిన్నది మన కాకినాడ.