కోరస్ పాడేవాళ్ల చెవికి సైమన్ అండ్ గార్‌ఫంకెల్

కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గల్లీల్లో ఉన్న చిన్న చిన్న రికార్డింగ్ స్టూడియోల్లో కోరస్ పాడటం నా పని. అయ్యప్ప పాటలు, బతుకమ్మ పాటలు, యూట్యూబ్ జానపదాలు, అప్పుడప్పుడు సినిమా. మెయిన్ సింగర్ వచ్చి పాడి వెళ్లిపోయాక మేం ముగ్గురం నలుగురం లోపలికి వెళ్తాం. ఆఖర్న మిక్సింగ్ దగ్గర ఎవరో ఒకరు "కోరస్ కొంచెం వెనక్కి తియ్యన్నా" అంటారు. శబ్దం పెంచి తగ్గించే ఆ మీట, ఫేడర్, కిందికి జరగడం చూసీ చూసీ, ఏ పాట విన్నా నా చెవి ముందు రెండో గొంతు ఎక్కడుందా అని వెతుక్కుంటుంది. సైమన్ అండ్ గార్‌ఫంకెల్ అనే అమెరికన్ జంట ఆల్బమ్‌ల మీద రాస్తున్న ఈ సమీక్షకు నా కొలబద్ద అదే. అరవైల నాటి అమెరికా గురించీ, వియత్నాం యుద్ధం గురించీ, హిప్పీల గురించీ రాసేవాళ్లు వేరే ఉన్నారు.

పాల్ సైమన్, ఆర్ట్ గార్‌ఫంకెల్ ఇద్దరూ 1941లో పుట్టినవాళ్లే. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పెరిగిన స్కూల్ దోస్తులు. ఎవర్లీ బ్రదర్స్ అనే అన్నదమ్ముల జంట పాటలు విని విని, అలా కలిపి పాడటం నేర్చుకున్నారు. 1957లో, ఇంకా స్కూల్లో ఉండగానే, టామ్ అండ్ జెర్రీ అని పేరు పెట్టుకుని ఒక పాట రికార్డు చేస్తే అది అమెరికా హిట్ పాటల బిల్‌బోర్డ్ జాబితాలో 49వ స్థానం దాకా ఎక్కింది. సొంత పేర్లతో 1964 నుంచి 1970 దాకా చేసిన స్టూడియో ఆల్బమ్‌లు ఐదే. పాటలు దాదాపు అన్నీ సైమన్ రాసినవి, గిటారూ ఎక్కువగా అతనిదే. గార్‌ఫంకెల్ తెచ్చింది గొంతు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసిన చెవి.

బుర్రకథలో కథకుడు ఒక మాట అంటే పక్కనున్న ఇద్దరూ అందుకుంటారు. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు ఒకరు చెప్తే మిగతావాళ్లు అదే వరసలో తిప్పి పాడతారు. ఎంతమంది పాడినా వరస ఒకటే. ఇద్దరు ఒకే మాటని, ఒకే క్షణంలో, రెండు వేర్వేరు స్వరాల మీద పెట్టడం మన పల్లె పాటలకు అలవాటు లేని పని. సికింద్రాబాద్ చర్చి కోయిర్‌లో పెరిగిన అమ్మాయి ఎవరైనా మా గుంపులో ఉంటే హార్మొనీ చకచకా తేలిపోతుంది. లేకపోతే ఒకళ్ల వరసలోకి ఇంకొకళ్లు జారిపోతూనే ఉంటాం. అందుకే ఈ ఇద్దరినీ వింటుంటే నాకు కడుపు మంట. ఎవరిది అసలు వరసో, ఎవరిది పై వరసో చాలాచోట్ల చెప్పలేం. పైగొంతుని మనసులో తీసేసి కింది గొంతు ఒక్కటీ పాడి చూడండి, అది కూడా ఒక పాటలాగే నిలబడుతుంది. ఇంకో సంగతి. ముగ్గురం పాడితే మాటలో వచ్చే 'స' ఒక్కరే పలకండి, మిగతావాళ్లు మింగేయండి అంటారు మా ఇంజినీర్లు, లేకపోతే పాములు బుసకొట్టినట్టు వస్తుందని. వీళ్లు ఇద్దరూ పలికినా ఒక్కరు పలికినట్టే తెగుతుంది. ఊపిరి తీసుకునే చోటు కూడా ఒకటే.

మొదటి ఆల్బమ్ 'వెడ్నెస్‌డే మార్నింగ్, త్రీ ఏ.ఎం.' 1964 అక్టోబరులో వచ్చింది. గొంతులు, గిటార్లు, వెనక ఒక బేస్, అంతే. సగం దాకా వేరేవాళ్ల పాటలూ పాత భక్తిగీతాలూ. వాటిలో చాలావాటిని నిర్మొహమాటంగా దాటేయొచ్చు, కాలేజీ పోటీకి తయారైనంత శుభ్రంగా ఉంటాయి. అమ్ముడుపోలేదు. సైమన్ ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. ఆ ఆల్బమ్‌లోనే 'ద సౌండ్ ఆఫ్ సైలెన్స్' ఉంది. ఒకట్రెండు రేడియో స్టేషన్లలో ఆ పాటకు గిరాకీ కనిపించేసరికి, ప్రొడ్యూసర్ టామ్ విల్సన్ 1965 జూన్‌లో దాని మీద ఎలక్ట్రిక్ గిటార్, బేస్, డ్రమ్స్ ఎక్కించాడు. పాడినవాళ్లకి మాట మాత్రం చెప్పలేదు. 1966 జనవరికి అది అమెరికాలో నంబర్ వన్. విడిపోయిన ఇద్దరూ పరుగున మళ్లీ కలిశారు.

ఆ కథ అందరూ చెప్పేదే. నాకు ముచ్చటేసేది వేరే. 1964లో పాడిన టేక్‌లో క్లిక్, అంటే చెవిలో లయ కొలిచే టిక్‌టిక్, లేదు, లయ గొంతులతోపాటు అక్కడక్కడ సాగుతుంది, తగ్గుతుంది. ఏడాది తర్వాత వచ్చిన డ్రమ్మర్ ఆ నడక వెనక పడి పోవాల్సి వచ్చింది. ఊళ్లో ఒక పెద్దమ్మ పాడితే ఫోన్‌లో రికార్డు చేసుకుని వచ్చి, దానికి బీట్ వెయ్యమంటారు మా దగ్గర. కీబోర్డ్ ప్రోగ్రామర్ తల పట్టుకుంటాడు. ఇప్పుడైతే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి ప్రతి మాటనీ గీత మీదికి లాగేస్తారు, పెద్దమ్మ పోయి మిషన్ మిగులుతుంది. విల్సన్ దగ్గర ఆ సదుపాయం లేకపోవడం మన అదృష్టం. రెండు రూపాలూ దొరుకుతున్నాయి, ఒకదాని తర్వాత ఒకటి వినండి. ఎలక్ట్రిక్ దాంట్లో ఊపు ఉంది, కాదనను. నా ఓటు మాత్రం 1964 దానికే.

ఆ హిట్ వేడి చల్లారకముందే హడావుడిగా చేసిన రెండో ఆల్బమ్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. 'కాథీస్ సాంగ్' వినండి, సైమన్ ఒక్కడూ, గిటార్. బొటనవేలు కింది తీగల మీద తాళం నడుపుతుంటే మిగతా వేళ్లు పైన వరస పలికించడం స్పష్టంగా వినిపిస్తుంది.

మూడోది, 1966 అక్టోబరులో వచ్చిన 'పార్‌స్లీ, సేజ్, రోజ్‌మేరీ అండ్ థైమ్'. ఇక్కడి నుంచి వీళ్లు స్టూడియోని వాడుకోవడం మొదలెట్టారు. 'స్కార్‌బరో ఫెయిర్' పాత ఇంగ్లీషు జానపదం. దాని కిందుగా ఇంకో పాట, యుద్ధం మీద సైమన్ అంతకుముందే రాసుకున్నది, కొత్త వరసతో సన్నగా పారుతుంటుంది. పైన సంతలో ప్రేమ కబుర్లు, కింద కొండవాలు మీద సైనికుడు. మొదటిసారి వింటే పై పాటే వినిపిస్తుంది. మా భాషలో చెప్పాలంటే కోరస్‌ని వెనక్కి తీశారు, కానీ వెనక ఉన్నదే అసలు విషయం. ఇలా వెనక్కి తీస్తే నాకేం అభ్యంతరం లేదు. ఒక్క మచ్చ ఉంది. ఆ గిటార్ పద్ధతీ, పాట తీరూ సైమన్‌కి లండన్‌లో జానపద గాయకుడు మార్టిన్ కార్తీ దగ్గర దొరికినవి. రికార్డు మీద ఆ పేరు లేదు. కార్తీ చాలా ఏళ్లు నొచ్చుకున్నాడు. చివరికి 2000లో లండన్ వేదిక మీద ఇద్దరూ కలిసి ఆ పాట పాడారు. మన దగ్గర పల్లె పాట సినిమాకెక్కినప్పుడు కింద 'జానపదం' అని రాసి ఊరుకోవడం చూస్తూనే ఉన్నాం కదా, కొత్తేం కాదు. ఇదే ఆల్బమ్ చివర్లో వార్తలు చదువుతుంటే క్రిస్మస్ పాట పాడటం ఒకటుంది. తెలివైన ఆలోచన, ఒకసారి వింటే చాలు.

ఇక 'బుక్‌ఎండ్స్'. 1968 ఏప్రిల్. మొత్తం అరగంట కూడా లేదు. ఐదింటిలో ఒక్కటే ఉంచుకో అంటే నేను ఉంచుకునేది ఇదే. ఎల్పీ రికార్డు మొదటి వైపు బాల్యం నుంచి ముసలితనం దాకా ఒకే దారంగా నడుస్తుంది, అందుకని షఫుల్‌లో పెట్టకండి. 'అమెరికా' అనే పాట ఇద్దరి హమ్మింగ్‌తో మొదలవుతుంది. ఎవరి నోట్లోంచి ఏ స్వరమో పట్టుకోలేక నేను ఓడిపోయాను. ప్రేమికులుగా కలిసి నడుద్దామనుకున్న ఒక జంట బస్సులో దేశం మీద పడి పోతుంటారు, ఆడుకుంటారు, సిగరెట్ల కోసం వెతుక్కుంటారు. ఇంకో తమాషా, పాటలో ఎక్కడా అంత్యప్రాస లేదు. ప్రాస పడకపోతే ప్రొడ్యూసర్ ఒప్పుకోని ఫీల్డ్ మాది. ఇక్కడ పాట అయిపోయినా ప్రాస లేదని గుర్తే రాదు, రెండు గొంతులు కలిసే చోటే ఆ పని చేసిపెడుతుంది.

'ఓవర్స్' అనే పాట దాటాక వచ్చే ట్రాక్ పాట కాదు. గార్‌ఫంకెల్ వృద్ధాశ్రమాలకు టేప్ రికార్డర్ పట్టుకుని వెళ్లి ముసలివాళ్ల మాటలు పట్టుకొచ్చాడు. దగ్గు, ఆయాసం, ఫోటోల గురించి, పక్కన ఎవరూ లేకపోవడం గురించి నాలుగు ముక్కలు. చాలామంది దీన్ని దాటేస్తారు. నేను దాటను. కోరస్ లేని రోజుల్లో నేను డబ్బింగ్‌కీ వెళ్తాను. డైలాగ్ మధ్య ఊపిరి వినిపిస్తే కోసేస్తాం, గొంతు సవరించుకుంటే కోసేస్తాం. ఇక్కడ కోసేయాల్సినవన్నీ వదిలిపెట్టి, అవే వినిపించారు. దాని వెంటే 'ఓల్డ్ ఫ్రెండ్స్'. పార్కు బెంచీ మీద డెబ్బై ఏళ్ల దోస్తులిద్దరు. పాడుతున్నవాళ్లకి అప్పటికి 26. నాటకీయంగా గొంతు వణికించకుండా, చాలా మామూలుగా పాడారు. తీగవాద్యాలు మాత్రం నడుమ కాస్త అతి చేశాయి, సినిమా నేపథ్య సంగీతంలా ఉబ్బి గోల పెట్టి దిగుతాయి.

రెండో వైపు అక్కడా ఇక్కడా మిగిలిన పాటలు. 'మిసెస్ రాబిన్సన్' సినిమా కోసం మొదలైంది. సినిమాలో వినిపించేటప్పటికి మాటలే పూర్తికాలేదు, డీ డీ డీ అంటూ లాగించారు. మన దగ్గర ట్యూన్‌కి డమ్మీ మాటలు పాడిపెట్టడం లాంటిదే. పూర్తి రికార్డులో మాటలు వచ్చాక కూడా ఆ డమ్మీని ఉంచేశారు, మంచి పని చేశారు. 1969లో ఆ ఏడాది ఉత్తమ రికార్డుగా గ్రామీ వచ్చింది.

డమ్మీ కథ ఇంకోటి కూడా ఉంది, 'ద బాక్సర్'. లై లా లై అనే పల్లవి మాటలు దొరక్క పెట్టినదే అని సైమనే చెప్పాడు. ఈ ఒక్క పాటకి వంద గంటలకు పైగా స్టూడియో టైమ్ పోసేశారు. మాకు నాలుగు గంటల కాల్‌షీట్‌లో ఆల్బమ్ సగం అయిపోవాలి! కొంత నాష్‌విల్‌లో, కొంత న్యూయార్క్‌లో, గొంతుల్లో కొన్ని కొలంబియా యూనివర్సిటీ చర్చిలో. ఆ తుపాకి పేలినట్టుండే డ్రమ్ దెబ్బ కోసం సౌండ్ ఇంజినీర్ రాయ్ హలీ, డ్రమ్మర్ హాల్ బ్లెయిన్ డ్రమ్‌ని స్టూడియో బయట లిఫ్ట్ దగ్గర పెట్టించాడు. ఆ మోత అలా వచ్చింది, ప్లగిన్ సాఫ్ట్‌వేర్‌తో కాదు. పాట చివర్లో ఒక్కో వాద్యం వచ్చి చేరుతూ గోడ కట్టినట్టు పెరుగుతుంటే, దానిలోనూ రెండు గొంతులు విడివిడిగా దొరుకుతాయి. అక్కడ హలీకి దండం పెట్టాలి.

ఇది 1970 జనవరి నాటి ఆఖరి ఆల్బమ్ 'బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్'లో ఉంది. అందరూ నెత్తిన పెట్టుకునేది ఈ ఆల్బమ్‌నే. టైటిల్ పాట ఆరు వారాలు నంబర్ వన్, 1971లో ఆ ఏడాది ఉత్తమ ఆల్బమ్, రికార్డు, పాట గ్రామీలన్నీ దీనికే ఊడ్చిపెట్టారు. నాకెందుకో రెండో స్థానమే. టైటిల్ పాట గార్‌ఫంకెల్ ఒక్కడే పాడాడు, ల్యారీ నెక్టెల్ పియానో పక్కన. ఆఖరి చరణంలో గానీ సైమన్ గొంతు చేరదు. గొప్పగా పాడాడు, సందేహం లేదు. కానీ అప్పటికి ఇద్దరూ ఒకే గదిలో ఉండటం తగ్గిపోయింది. గార్‌ఫంకెల్ సినిమాలో నటించడానికి మెక్సికోలో ఉంటే, సైమన్ ఇక్కడ పాటలు పూర్తి చేసుకుంటున్నాడు. ఆ ఒంటరితనమే 'ద ఓన్లీ లివింగ్ బాయ్ ఇన్ న్యూయార్క్'. అందులో టామ్ అని పిలిచింది గార్‌ఫంకెల్‌నే, స్కూలు నాటి పేరుతో. విచిత్రమేంటంటే ఆల్బమ్ మొత్తంలో నాకు ఒళ్లు జలదరించే కోరస్ ఈ పాటలోనే ఉంది. ఆ 'ఆ...' అంతా వాళ్లిద్దరి గొంతులే, పొర మీద పొర వేసి, ఎకో చాంబర్‌లో. కోరస్‌ని ముందుకు తెస్తే ఏమవుతుందో ఎవరికైనా చూపించాలంటే ఇది వినిపిస్తాను.

'సిసిలియా' తాళం ఇంట్లో సరదాగా చేతులతో కొట్టుకుంటూ టేప్‌లో పట్టింది. తర్వాత ఆ ముక్కనే తిప్పి తిప్పి పాట కట్టారు. పెళ్లి బారాత్‌లో పెట్టినా నడుస్తుంది. 'ఎల్ కోండోర్ పాసా' పెరూ సంగీతకారుడు డానియెల్ అలోమియా రోబ్లెస్ 1913లో కట్టిన వరస. లోస్ ఇంకాస్ బృందం అప్పటికే రికార్డు చేసిన ట్రాక్ మీదే సైమన్ మాటలు పెట్టి పాడేశాడు, పాత జానపదం అనుకుని. రోబ్లెస్ కొడుకు కోర్టుకెళ్లాక గానీ ఆ పేరు చేరలేదు. ఒకసారి కాదు, రెండోసారి ఇది! పాట బాగుంది, దాంతో నాకు ఇంకా చిరాకు.

కొత్తగా వినేవాళ్లు 1972 నాటి 'గ్రేటెస్ట్ హిట్స్'తో మొదలుపెట్టొద్దు. అందులో కొన్ని కచేరీ రికార్డులు, మధ్యలో చప్పట్లు. ముందు 'బుక్‌ఎండ్స్' మొదటి వైపు, తర్వాత ఆఖరి ఆల్బమ్, ఆ తర్వాత వెనక్కి. ఫోన్ స్పీకర్లో అసలే వద్దు. అందులో కింది స్వరాలు ఎగిరిపోయి సగానికి సగం సైమన్ మాయమవుతాడు. మెట్రోలో వినాలనుకుంటే చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, లేదంటే అమీర్‌పేట్ ఎనౌన్స్‌మెంట్ మూడో గొంతుగా చేరుతుంది. 1981 సెప్టెంబరులో సెంట్రల్ పార్క్‌లో జనసముద్రం ముందు మళ్లీ కలిసి పాడిన కచేరీ కూడా దొరుకుతుంది. బ్యాండ్ పెద్దది, జనం అరుపులు బాగుంటాయి. 'స' మాత్రం ఇద్దరిదీ విడివిడిగా వినిపిస్తుంది.