ఫోన్ తెలివికి పద్దెనిమిది వందలు

ఒడిశా జయపురంలో ఒక లాడ్జికి 1,800 అడ్వాన్స్ పంపి, అక్కడి మంచం మొహం కూడా చూడకుండా బయటికొచ్చాం. తప్పు సగం వాళ్లది, సగం నా ఫోన్‌ది. మా ఆవిడ లెక్కలో మొత్తం నాదే.

సాలూరు దాకా చెప్పుకోడానికేం లేదు. సుంకి ఘాట్‌లో మా అత్తయ్యకి రెండుసార్లు కడుపులో తిప్పింది. దేవమాలి మాత్రం చూసి తీరాల్సిందే. ఒడిశాలో ఎత్తయిన కొండ, 1,672 మీటర్లు. ఆ దారిలో సిగ్నల్ పోయింది. మ్యాప్ తెల్లకాగితంలా అయిపోయి, దాని మీద మా నీలం చుక్క ఒక్కటే పాకుతోంది. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వస్తుంది కాబట్టి దానికి నెట్ అక్కర్లేదు, మ్యాప్‌కి కావాలి. సాలూరులోనే ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి.

కొరాపుట్‌లో జగన్నాథుడి దర్శనం చేసుకుని లాడ్జికి చేరేసరికి తొమ్మిదిన్నర. గది వేరేవాళ్లకి ఇచ్చేశారట! "మూడుసార్లు చేశాం, మీరు ఎత్తలేదు" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. ఫోన్ తీసి చూస్తే నిజమే. ఆరూ యాభైకి, ఏడున్నరకి, ఎనిమిదింపావుకి. ఒక్కటీ మోగలేదు. కారు బ్లూటూత్ తగలగానే నేను బండి నడుపుతున్నానని కనిపెట్టి, ఫోన్ తనంతట తనే సైలెంట్‌లోకి వెళ్లింది. పదిహేను నిమిషాల్లోపు అదే నంబరు మళ్లీ చేస్తే మోగేలా సెట్టింగ్ ఉంది, ఆన్‌లోనే ఉంది కూడా. ఈ మహానుభావుడు నలభై నిమిషాలకోసారి తీరిగ్గా చేశాడు.

అడ్వాన్స్ అడిగితే ఇవ్వనన్నాడు. కోపంలో అనువాదం యాప్ తెరిచి, నా గోడంతా ఒడియాలోకి మార్చి మొహం ముందు పెట్టాను. శ్రద్ధగా చదివి, "మీరు రాలేదు కదా సార్, రానివాళ్లకి రిటర్న్ లేదు" అన్నాడు, చక్కటి తెలుగులో. ఎదురుగా నిలబడ్డవాణ్ణి పట్టుకుని రాలేదంటాడేంటి!

బస్టాండ్ దగ్గర వేరే గది 1,100కి దొరికింది. దుప్పట్లు ఉతికినవే, అడగ్గానే బకెట్ వేడినీళ్లు. పొద్దున్న సందు చివర బరా (మన గారెల్లాంటివి), ఘుగుని (బఠాణీ కూర), ప్లేటు 30. అత్తయ్య రెండు ప్లేట్లు తిని, ఊరు మంచిదే అని తేల్చేసింది. లాడ్జికి ముందు డబ్బు పంపకండి, పంపితే వాళ్ల నంబరుని సైలెంట్‌లోనూ మోగేవాటిలో చేర్చుకోండి.

గుప్తేశ్వరం శివుడి గుహాలయం నుంచి తిరిగొస్తుంటే ఫోన్ స్క్రీన్ వెలిగింది. 'నిన్న మీరు వెళ్లిన లాడ్జి ఎలా ఉంది? రేటింగ్ ఇవ్వండి.' ఒక్క స్టార్ కొట్టాను. అదీ ఎక్కువే అంది అత్తయ్య.