విశాఖ ద్వారకానగర్‌లో ఐబీ కోచింగ్: మొత్తం ప్యాకేజీ తీసుకోకండి

మా అమ్మాయిని ఇంటెలిజెన్స్ బ్యూరో (ఐబీ) ఏసీఐఓ, అంటే అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్, పరీక్ష కోసం కోచింగ్‌లో చేర్పించాం. ఫీజు కట్టిన తండ్రిగా రాస్తున్నాను. అమ్మాయి ఇంకా అక్కడికే వెళ్తోంది కాబట్టి సంస్థ పేరు చెప్పను. ఆ వీధుల్లో ఏ మెట్లెక్కినా దాదాపు ఇదే సరుకు, పేరు లేకపోయినా మీకు పనికొస్తుంది.

ముందు గుమ్మం దగ్గర ఫ్లెక్సీ సంగతి. నల్లకళ్లద్దాల మనిషి, వెనకాల హెలికాప్టర్, కింద 'రా, ఐబీ, ఎన్‌ఐఏ ఆఫీసర్ అవ్వండి' అని. మూడింటినీ ఒకే గాటన కట్టేశారు. 'రా' (రీసెర్చ్ అండ్ అనాలిసిస్ వింగ్) విదేశీ నిఘా చూసే సంస్థ, 1968లో ఐబీ నుంచి వేరుపడింది. డిగ్రీ పిల్లల్ని ఇలా నోటిఫికేషన్ వేసి తీసుకోదు. ఎన్‌ఐఏ ముంబై దాడుల తర్వాత పెట్టిన జాతీయ దర్యాప్తు సంస్థ, కేసులు కడుతుంది, అరెస్టులు చేస్తుంది. ఐబీ 1887 నాటి ఆఫీసు, ఇప్పుడు కేంద్ర హోం శాఖ కింద ఉంది. దానికి అరెస్టు చేసే అధికారమే లేదు. సమాచారం పోగెయ్యడం, అందులో నిజమెంతో తేల్చడం, పైవాళ్లకి రాసి పంపడం, అదీ పని. "ఈ పరీక్ష రాసి 'రా'లోకి ఎలా వెళ్తారు బాబూ?" అని కౌంటర్లో కుర్రాణ్ణి అడిగాను. "ముందు లోపలికి వెళ్తే చాలు అంకుల్, తర్వాత డెప్యుటేషన్ మీద వెళ్లిపోవచ్చు" అన్నాడు. విశాఖలోనే పోస్టింగ్ వస్తుందని కూడా అన్నాడు. దేశంలో ఎక్కడ వేసినా వెళ్లాలని నోటిఫికేషన్‌లోనే ఉంది. మా ఆవిడ ఆ లైను చదివిన దగ్గర్నుంచి ఫోన్లో కోహిమా, లేహ్ వాతావరణం చూస్తోంది.

మొత్తం ప్యాకేజీ ఫీజు 32,000. రసీదు కోసం రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

మొదటి అంచె పరీక్ష గంటలో వంద ప్రశ్నలు. కరెంట్ అఫైర్స్, జనరల్ స్టడీస్, లెక్కలు, రీజనింగ్, ఇంగ్లీషు, ఒక్కోదానికి ఇరవై. తప్పు రాస్తే పావు మార్కు కోత. దీనికోసం ప్రత్యేక బ్యాచ్ అని చెప్పి ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలెక్షన్ కమిషన్) పరీక్షలకి చదివే పిల్లలతో కలిపి కూర్చోబెట్టారు. మూడో బెంచీ మీద ఏసీ నీళ్లు కారుతుంటే అక్కడ పెయింటు డబ్బా పెట్టారు, అది నిండితే ఆ బెంచీలో కూర్చున్నవాళ్లే పారబొయ్యాలి. మొదట ఇచ్చిన మోడల్ టెస్టు చూస్తే నాలుగు సెక్షన్లు, సెక్షన్‌కి 25 ప్రశ్నలు! అది ఎస్‌ఎస్‌సీ పేపరు. పైన అట్ట మాత్రం ఐబీది. "అట్ట మార్చడం కూడా ఒక రకం మారువేషమే కదా నాన్నా" అంది మా పిల్ల. కరెంట్ అఫైర్స్ నోట్సు జిరాక్సు కట్ట. దానికన్నా అదే ద్వారకానగర్‌లో ఉన్న పౌర గ్రంథాలయంలో కూర్చుని రోజూ పేపర్లు చదువుకోవడం మేలు.

ఇంత చెప్పి కూడా ఈ కోచింగ్‌కి రేటింగ్‌లో మూడు చుక్కలు (స్టార్లు) ఎందుకిచ్చానంటే, సాయంత్రం డిస్క్రిప్టివ్, అంటే పెద్ద జవాబులు రాసే పేపరు, క్లాసు చెప్పే మాస్టారి వల్ల. రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్. రెండో అంచె 50 మార్కులు, వ్యాసం, కాంప్రహెన్షన్, ఇంకో రెండు పెద్ద ప్రశ్నలు. మిగతా చోట్ల వ్యాసాలు బట్టీ పట్టిస్తారు. ఈయన అలా కాదు.

2019 డిసెంబరులో మన ఊళ్లోనే నేవీ సిబ్బంది ఏడుగుర్ని గూఢచర్యం కేసులో పట్టుకున్నారు, గుర్తుందా? 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్' అని పేరు పెట్టారు. రాష్ట్ర పోలీసు నిఘా విభాగం నేవీ ఇంటెలిజెన్స్‌తో కలిసి చేసింది, తర్వాత కేసు ఎన్‌ఐఏకి వెళ్లింది. మాస్టారు ఆనాటి పేపరు కటింగులు ఇచ్చి, అధికారులు ప్రకటించింది ఒక పక్క, విలేఖరి ఊహించింది ఇంకో పక్క రాయమన్నారు. మా అమ్మాయి మూడు పేజీలు నింపుకొచ్చింది. ఆ కాగితాలు నేను చూశాను. 'చాలామంది అనుమానిస్తున్నారు' అన్న చోట ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన 'ఎవరమ్మా ఆ చాలామంది? ఇద్దరి పేర్లు చెప్పు' అని రాశారు. 'భారీ కుట్ర'లో 'భారీ' కొట్టేశారు. చివరికి మిగిలింది పన్నెండు లైన్లు. ఆ పన్నెండు లైన్లలో ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, మనకి తెలియనిది ఏది అన్నది విడివిడిగా కనిపిస్తోంది. ఈ ఉద్యోగంలో చేరాక రోజూ చెయ్యాల్సింది ఇదే అయితే, ఆ ఒక్క క్లాసే అసలు శిక్షణ.

మాక్ ఇంటర్వ్యూకి మాజీ ఆఫీసర్ వస్తారన్నారు. పేరేంటంటే సీక్రెట్ అన్నారు. ఆయన మా పిల్లని హాబీలు అడిగి పంపేశారు.

జీతం లెక్క కౌంటర్లో సరిగ్గా చెప్పరు కాబట్టి నేనే చెప్తాను. ఏసీఐఓ మూల వేతనం 44,900. దానిమీద ఇరవై శాతం ప్రత్యేక భద్రతా భత్యం, అంటే ఇంకో 8,980. డీఏ, ఇంటద్దె వేరే. వయసు 27 దాటకూడదు, రిజర్వేషన్ సడలింపులు మామూలే. 2025 జూలైలో 3,717 పోస్టులు వేశారు. పదో తరగతితో రాసే సెక్యూరిటీ అసిస్టెంటు ఉద్యోగం కూడా ఉంది, మూల వేతనం 21,700, స్థానిక భాష రావాలి. తెలుగు బాగా వచ్చిన మన పిల్లలకి అది కలిసొచ్చే విషయం, కానీ దాని ఊసే ఎత్తలేదు. ప్యాకేజీ చిన్నది కదా!

ఇంకొకటి. నిఘా సంస్థల్లో పనిచేసేవాళ్లు అనుమతి లేకుండా యూనియన్లలో చేరకూడదు, పత్రికలతో మాట్లాడకూడదు. 1985 నుంచి దీనికి చట్టమే ఉంది. నేను స్టీల్ ప్లాంటులో గేటు మీటింగుల్లో గొంతు పోగొట్టుకున్నవాణ్ణి, నాకిది మింగుడుపడలేదు. అమ్మాయికి పట్టింపు లేదు.

డిస్క్రిప్టివ్ ఒక్కటే కావాలని గట్టిగా అడిగితే 6,500కి ఇస్తారు, బోర్డు మీద మాత్రం ఉండదు. మాస్టారు వారానికి మూడు సాయంత్రాలు వస్తారు. ముందు ఒక క్లాసు కూర్చుని చూస్తామంటే కాదనరు. లిఫ్టు ఎనిమిది దాటాక ఆపేస్తారు, క్లాసు వదిలేది ఎనిమిదిన్నరకి. మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులు పైకి ఎక్కకుండా కింద టీకొట్టు దగ్గరే ఉండండి.