జాఫ్నాలో బైబిలు పాఠశాల మరమ్మతు: హన్మకొండ నుండి వెళ్లిన మా బృందం అనుభవాలు

శ్రీలంక ఉత్తర కొసన ఉన్న జాఫ్నా ద్వీపకల్పంలో ఒక చిన్న బైబిలు పాఠశాల భవనాన్ని బాగుచేయడానికి హన్మకొండలోని మా క్రైస్తవ సంఘం నుండి ఒక బృందంగా ఫిబ్రవరి నెలలో వెళ్లి వచ్చాము. వరంగల్, మహబూబాబాద్, కరీంనగర్ వైపు మరికొన్ని సంఘాలు ఇటువంటి సేవాయాత్రకు సిద్ధపడుతున్నాయని తెలిసింది. వారికి పనికివస్తుందని, ఏ దారిన వెళితే మేలు, ఎక్కడ దిగాలి, వేటికి డబ్బు పెట్టవచ్చు, అన్నిటికంటే ముఖ్యంగా అక్కడ పని ఎలా జరగాలి అన్నవి వివరంగా రాస్తున్నాను.

జాఫ్నాకే ఎందుకు వెళ్లాలని మా సంఘంలోనే చాలామంది అడిగారు. మన వైపు క్రైస్తవులకు ఆ ఊరితో ఉన్న బంధం నూట ఇరవై ఏళ్ల నాటిది. తిరునెల్వేలి ప్రాంతపు తమిళ క్రైస్తవ సేవకుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1902లో జాఫ్నా వెళ్లినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో బయటి ప్రాంతాలకు సువార్తికులను పంపుతూ ఉండటం చూసి కదిలిపోయారు. ఆ ప్రేరణతోనే మరుసటి ఏడు, 1903లో, తిరునెల్వేలి క్రైస్తవులు తమ మిషనరీ సంఘాన్ని స్థాపించుకున్నారు. ఆ సంఘం తన సేవకు ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. అజరయ్య గారు 1909లో తానే డోర్నకల్ వచ్చి, 1912లో అక్కడి బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ (ఇంగ్లాండు సంఘ సంప్రదాయపు) సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. గుడి గోపురాల పోకడ, మసీదు గుమ్మటాల పోకడ కలిపి కట్టించిన డోర్నకల్ కతీడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. 1947లో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు జాఫ్నా కూడా అందులో ఒక డయాసిస్‌గా, అంటే ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతంగా, చేరింది. దేశాలు వేరైనా ఈనాటికీ మనదీ వారిదీ ఒకే సంఘం. మా బృందంలో చాలామంది అమ్మమ్మలు, తాతయ్యలు డోర్నకల్ మిషన్ బడుల్లో అక్షరాలు దిద్దినవారే కాబట్టి, ప్రయాణానికి ముందు ఆదివారం అయ్యగారు “బాకీ తీర్చుకోవడానికి వెళుతున్నాం” అని ప్రసంగంలో అన్న మాట మాకు గట్టిగా నాటుకుంది.

దారి విషయానికి వస్తే, శంషాబాద్ నుండి కొలంబోకు విమానంలో వెళ్లి అక్కడి నుండి సుమారు నాలుగు వందల కిలోమీటర్లు రైలులో ఉత్తరానికి రావడం ఒక పద్ధతి. వరంగల్ స్టేషన్‌లో చెన్నై రైలెక్కి, చెన్నై నుండి నేరుగా జాఫ్నా దగ్గరి పలాలి విమానాశ్రయంలో దిగడం రెండవది. మేము వెళ్లేటప్పుడు రెండవ దారిన వెళ్లాము. చెన్నై, పలాలి మధ్య విమానాలు 2019లో మొదలై, మధ్యలో కరోనా కారణంగా ఆగిపోయి, 2022 డిసెంబరు నుండి మళ్లీ నడుస్తున్నాయి. విమానం చిన్నది, ప్రయాణం గంటన్నర లోపే. పనిముట్లతో వెళ్లే బృందం తెలుసుకోవలసిందేమంటే, ఈ విమానంలో సామాను తూకం చాలా ఖచ్చితంగా చూస్తారు. తాపీ, రసమట్టం, గుండు వంటి చేతి పనిముట్లు తీసుకువెళ్లడం సరిపోతుంది; బరువైన యంత్రాలు అక్కడే అద్దెకు దొరుకుతాయి. నాగపట్నం నుండి కాంకేసన్‌తురైకి 2023లో ప్రారంభమైన ఓడ సర్వీసు కూడా ఉంది కానీ, సముద్రం సరిగా లేనప్పుడు అది ఆగిపోతుంది కనుక తేదీలు తప్పని బృందానికి నేను దానిని సూచించను.

వీసా సంగతి తేలికగా తీసుకోకూడదు. పర్యాటకులకు ఆన్‌లైన్‌లో సులభంగానే అనుమతి వస్తుంది, అయితే అది చూసిపోవడానికి ఇచ్చేది. మనం పని చేయడానికి, ఆరాధనల్లో మాట్లాడటానికి వెళుతున్నాం కాబట్టి, ఆహ్వానిస్తున్న పాఠశాల వారినే ముందుగా అక్కడి అధికారులను అడిగి, తగిన అనుమతికి ఉత్తరం రాయించమని కోరాలి. మాకు అలాగే జరిగింది. కాగితాలకు సమయం పట్టినా, అక్కడ ఉన్నన్నాళ్లూ నిశ్చింతగా పని చేసుకోగలిగాము.

మొదట జాఫ్నా పట్టణంలో ఒక గెస్ట్ హౌస్‌లో దిగాము. గదులు శుభ్రంగా ఉన్నాయి, ఏసీ బాగా పనిచేసింది. ఉదయం ఫలహారం అద్దెలోనే కలిసి ఉంటుందని ఫోనులో చెప్పి, ఖాళీ చేసే రోజున దానికి వేరుగా బిల్లు వేశారు. మాట రాతపూర్వకంగా లేనందున కట్టక తప్పలేదు. వెళ్లేవారు ధర, ఫలహారం, వాహనం నిలిపే చోటు అన్నీ కలిపి ఒక వాట్సాప్ సందేశంలో ముందే రాయించుకోవాలి. అంతకంటే పెద్ద ఇబ్బంది, పట్టణం నుండి పనిచోటుకు రోజూ రావడం పోవడంలో ఎండెక్కకముందు దొరికే మంచి గంటలు వృథా కావడం. అందుకే తరువాత పాఠశాల వసతి గృహానికి మారాము. అక్కడ ఇనుప మంచాలు, దోమతెరలు, ఆవరణలో బావి, విద్యార్థులతో కలిసి భోజనం. సౌకర్యం తక్కువే అయినా, సేవాయాత్రకు ఇదే సరైన బస అని నా అభిప్రాయం. సాయంత్రం పని దింపాక విద్యార్థులు మా పక్కన కూర్చుని తమ ఊళ్ల గురించి, శ్రీలంక అంతర్యుద్ధ కాలంలో తల్లిదండ్రులు పడిన కష్టాల గురించి చెప్పేవారు. గెస్ట్ హౌస్‌లో ఉంటే ఆ మాటలు మాకు దక్కేవి కావు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. జాఫ్నాలో నదులు లేవు, అంతా సున్నపురాతి నేల. బావినీరు స్నానానికి పనికివస్తుంది గాని సబ్బు నురగ రాదు, తాగడానికి శుద్ధి చేసిన నీరే వాడాలి. డెంగ్యూ భయం ఉన్న ప్రాంతం కనుక దోమతెర లేకుండా నిద్రపోకూడదు.

ఇక అసలు పని. పాఠశాల ప్రిన్సిపాల్ గారు ముందుగానే ఫోనులో క్రమం చెప్పారు: మొదట గ్రంథాలయం పైకప్పు, ఆ తరువాత దాని గోడలు, సమయం మిగిలితే తరగతి గది తలుపులు. రంగులు వేయడం ఆ జాబితాలో లేనే లేదు. గతంలో ఒక బృందం వచ్చి గోడలకు మంచి రంగులు వేసి వెళ్లిందట. ఆ రంగు మేము వెళ్లేసరికి పెచ్చులుగా ఊడి, వెనుక తెల్లని ఉప్పు పేరుకుని కనిపించింది. ఆ గోడలు సున్నపురాతితో, సున్నంతో కట్టిన పాతవి. నేలలోని చెమ్మ అటువంటి గోడలోకి ఎక్కి, ఉపరితలం మీదుగా ఆరిపోతూ ఉంటుంది. పైన సిమెంటు పూత పూసి రంగు వేస్తే ఆ చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది, అందులోని ఉప్పు పూత వెనుక గడ్డకట్టి పూతనే తోసేస్తుంది. మడికొండ నుండి మాతో వచ్చిన మేస్త్రి అన్నకు వరంగల్ పాత ఇళ్ల డంగు సున్నం (ఇసుకతో కలిపి నూరిన సున్నం) పని తెలుసు. ఆయన ఉలితో ఒకచోట సిమెంటు పూత లేపి, లోపలి రాతి మీద అరచేయి ఆనించి చూసి, చేయి తడిగా రాగానే సిమెంటు బస్తాలు కొనవద్దన్నారు.

స్థానికంగా ఒక పెద్దాయన, డెబ్బై దాటిన మేస్త్రి, మాతో కలిశారు. ఆయనకు తెలుగు రాదు, మా అన్నకు తమిళం రాదు. సున్నం నానబెట్టిన తొట్టి దగ్గర ఇద్దరూ కూర్చుని, ముద్దను వేళ్ల మధ్య నలిపి చూసుకుని, ఇసుక ఇంకా జల్లించాలని తల ఊపి నిర్ణయించుకునేవారు. ఆ పెద్దాయన సున్నం ఆరేవరకు రోజూ గోడమీద నీరు చల్లించారు, ఎండ నేరుగా తగలకుండా తడి గోనెపట్టాలు వేలాడదీయించారు. యువకులు ఈ నిదానానికి మొదట విసుక్కున్నారు. తీసుకువెళ్లేవారు ఈ విషయం బయలుదేరకముందే చెప్పి ఉంచాలి.

పైకప్పు బంగళా పెంకులది, వాసాలు తాటి కర్రవి. పెంకులు చాలావరకు గట్టిగానే ఉన్నాయి, ఒక్కొక్కటీ దింపి కడిగి మళ్లీ వాడాము. చెడింది వాసాలే. గోడలోకి దిగిన కొనల దగ్గర స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తే కొన్నింటిలోకి పిడి దాకా దిగిపోయింది, వెంట చెదల మట్టి రాలింది. పైపైన నలుపుగా, గట్టిగా కనిపించే కర్ర లోపల అలా ఉందని కింద నిలబడి చూస్తే తెలియదు. తాటిచెట్టు కొట్టడానికి అక్కడ ప్రభుత్వ అనుమతి కావాలి కాబట్టి, అనుమతి ఉన్న కోత మిల్లు నుండి పాతబడి ఆరిన కర్రనే కొని, కొనలకు చెదల మందు పట్టించి అమర్చాము. వంటగది పైన ఉన్న ఆస్బెస్టాస్ రేకుల జోలికి మేము వెళ్లలేదు. అవి పగిలినా, వాటికి రంధ్రం చేసినా ఊపిరితిత్తులకు హాని చేసే పొడి లేస్తుంది. ఆ పని తెలిసిన స్థానికులు రేకులను తడిపి, ముక్కలు కాకుండా మొత్తంగా దింపేలా డబ్బు మాత్రం పాఠశాలకు ఇచ్చి వచ్చాము. మన పిల్లలను ఉత్సాహంతో అటువంటి పనికి ఎక్కించవద్దని పెద్దలను వేడుకుంటున్నాను.

మిగతా సేవల్లో, డ్రైవరుతో సహా అద్దెకు తీసుకున్న వ్యాన్ ఖర్చు పూర్తిగా సార్థకమైంది. పెంకులు, ఇసుక, మనుషులు అన్నిటికీ అదే తిరిగింది. పట్టణంలోని హార్డ్‌వేర్ దుకాణాల వారు మిగిలిన మేకులు, బోల్టులు తిరిగి తీసుకున్నారు. మన రూపాయికి వారి రూపాయలు మూడుకు పైగా వస్తాయి గాని, దిగుమతి సరుకు ధరలు చూస్తే ఆ లాభం కనిపించదు. ప్లగ్గులు కొన్నిచోట్ల మన గుండ్రని పిన్నులవి, కొన్నిచోట్ల చదరపు పిన్నులవి ఉన్నాయి. డ్రిల్లు మిషను తీసుకువెళ్లేవారు రెండింటికీ సరిపడే అడాప్టరు పెట్టుకోవాలి. భోజనం మనవారికి ఇబ్బంది కాదు. అన్నం, పప్పు, కారం దట్టించిన చేపల పులుసు, పొద్దున ఇడియాప్పం, పిట్టు. పాఠశాల వంటగది అమ్మగారు తాటి తేగల పిండితో, చేపలు, రొయ్యలు వేసి కాచిన కూళ్ ఒకరోజు పెట్టారు. మన దగ్గర తేగలు కాల్చుకుని, ఉడకబెట్టుకుని తింటాం గాని, ఎండబెట్టి దంచి ఇంత చిక్కని పులుసు చేయవచ్చని మాలో ఎవరికీ తెలియదు.

ఆదివారం వడ్డుక్కోడ్డై వెళ్లాము. 1823లో అమెరికన్ మిషనరీలు అక్కడ స్థాపించిన సెమినరీ స్థలంలోనే నేటి జాఫ్నా కళాశాల ఉంది, జాఫ్నా డయాసిస్ కతీడ్రల్ ఆ పక్కనే. ఆరాధన తమిళంలో జరిగినా క్రమం మనదే కావడం వలన ఎక్కడ నిలబడాలో, ఎక్కడ మోకరించాలో మాకు తెలుసు. పట్టణంలో చూడదగినవి కోట, 1981లో తగలబెట్టబడి తిరిగి నిలబడిన ప్రజా గ్రంథాలయం. రెండింటిలో ఒక్కదానికే సమయం ఉంటే గ్రంథాలయానికే వెళ్లాలి. చెమ్మపట్టిన పుస్తకాలను రోజంతా ఎండబెట్టి వచ్చిన మాకు ఆ భవనం ముందు చాలాసేపు మాట రాలేదు.

తిరుగు ప్రయాణంలో కొందరం కొలంబో మీదుగా రైలులో వచ్చాము. యుద్ధంలో 1990లో తెగిపోయి, భారతదేశ రుణ సహాయంతో మళ్లీ వేసిన ఆ మార్గంలో 2014 అక్టోబరులో జాఫ్నాకు రైలు చేరింది. ఆనయిరవు ఉప్పు మడుగుల మధ్య, కిళినొచ్చి, అనురాధపురం మీదుగా సాగే ఆ పగటి ప్రయాణం వెళ్లేటప్పటికంటే వచ్చేటప్పుడే బాగుంటుంది. చేతిలో పనిముట్ల బరువు ఉండదు, టికెట్లు నెల ముందు కొనుక్కుంటే కూర్చునే చోటు దొరుకుతుంది.

తరగతి గది తలుపులు, వసతి గృహం కరెంటు వైరింగు ఇంకా మిగిలి ఉన్నాయి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వాన పడుతుంది కాబట్టి ఆ నెలలు వద్దని, ఫిబ్రవరి, మార్చి నెలల్లో రమ్మని ప్రిన్సిపాల్ గారు కోరారు. వైరింగు తెలిసినవారు ఇద్దరు, వడ్రంగి ఒకరు ఉంటే చాలన్నారు. సున్నం పని ఆ పెద్ద మేస్త్రి గారికే అప్పగించి, కూలి డబ్బు ఇక్కడి నుండి పంపుతున్నాము.