జాంప్: మా ఊరి గ్రంథాలయ జాబితా కోసం ఇంట్లో పెట్టుకున్న సర్వర్

మా ఊరి గ్రంథాలయంలో 4,000 పైచిలుకు పుస్తకాలున్నాయి. వాటి వివరాలు మూడు పెద్ద రిజిస్టర్లలో ఉండేవి. ఒకదానికి చెదలు పట్టాక, ఆ జాబితానంతా కంప్యూటర్లోకి ఎక్కించే పని నేను తలకెత్తుకున్నాను. 30 ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, ఉద్యోగ విరమణ అయ్యాక తీరిక ఉంది. హైదరాబాదులో ఉన్న మా మేనల్లుడు పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న వెబ్‌సైట్ రాసి పంపాడు. "అత్తయ్యా, ఇది నడవాలంటే మీ కంప్యూటర్‌లో సర్వర్ ఉండాలి. జాంప్ పెట్టుకోండి" అన్నాడు. ఏడాదిగా దాన్నే వాడుతున్నాను.

జాంప్ ఉచితం. అపాచీ ఫ్రెండ్స్ అనే బృందం 2002లో మొదలుపెట్టింది. పేజీలను అందించే అపాచీ సర్వర్, సమాచారాన్ని దాచే డేటాబేస్, పీహెచ్‌పీ, పెర్ల్ అనే మరో ప్రోగ్రామింగ్ భాష అన్నీ ఒకే మూటగా వస్తాయి. జాంప్ కంట్రోల్ ప్యానెల్‌లో డేటాబేస్ పేరు మైఎస్‌క్యూఎల్ అని రాసి ఉంటుంది గానీ 2015 నుంచి లోపల ఉన్నది మరియాడీబీ. రెండూ ఒక గూటివే కనుక నాకు తేడా తెలియలేదు. ఒకసారి దించుకున్నాక ఇంటర్నెట్‌తో పని లేదు. సాయంత్రం పూట నెట్ నిలకడగా ఉండని మా ఊళ్లో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో పెట్టవద్దని అదే హెచ్చరిస్తుంది, ఆ మాట వినండి. మెర్క్యురీ, ఫైల్‌జిల్లా, టామ్‌క్యాట్ అనే అదనపు భాగాలు ఇలాంటి పనికి అక్కర్లేదు, టిక్కు తీసేయవచ్చు.

మొదటి రోజే అపాచీ లేవలేదు. స్టార్ట్ నొక్కితే 80వ పోర్టును ఇంకెవరో వాడుతున్నారని ఎర్ర అక్షరాలు వచ్చాయి. పోర్టు అంటే ఇంటికి గుమ్మం లాంటిది, ఒక్కో గుమ్మం దగ్గర ఒక్కరే కూర్చోగలరు. ప్యానెల్‌లోనే ఉన్న నెట్‌స్టాట్ బొత్తాం నొక్కితే ఏ గుమ్మం దగ్గర ఎవరున్నారో కనిపిస్తుంది. నా కంప్యూటర్‌లో విండోస్‌తో వచ్చిన వెబ్ సేవ ఒకటి అక్కడ తిష్ఠ వేసింది. దాన్ని ఆపడం ఒక దారి. నేను రెండో దారి పట్టాను. అపాచీ పక్కనున్న కాన్ఫిగ్ నొక్కి, మొదటి ఫైలు తెరిచి, లిజన్ అన్న పదం పక్కనున్న 80ని 8080గా మార్చాను. అప్పటి నుంచి బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ (మన కంప్యూటర్‌కే ఉన్న చిరునామా) తరవాత 8080 కూడా చేర్చాలి. ప్యానెల్ సెట్టింగులలో పోర్టు సంఖ్యను విడిగా మార్చకపోతే సైటును తెరిచే అడ్మిన్ బొత్తాం పాత గుమ్మానికే వెళుతుందని నాకు వారం తరవాత గాని తెలియలేదు.

తెలుగు అక్షరాల దగ్గర నేను పడ్డ కష్టం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లందరికీ ఇది ఎదురవుతుంది. ఎవరో చాలా ఏళ్ల కిందట మొదలుపెట్టి వదిలేసిన జాబితా ఫైలు ఒకటి దొరికితే దాన్నే డేటాబేస్‌లోకి ఎక్కించి, ఒక పూటంతా కూర్చుని 60 పుస్తకాల పేర్లు టైపు చేశాను. తెరిచి చూస్తే అన్నీ ప్రశ్నార్థకాలు! ఆ పాత ఫైలులోని టేబుల్ (పట్టిక) లాటిన్1 అనే లిపి పద్ధతిలో ఉంది. అందులో తెలుగుకు చోటే లేదు. ఏ హెచ్చరికా లేకుండా ప్రతి అక్షరాన్నీ ప్రశ్నార్థకంగా మార్చి దాచుకుంది. అలా పోయిన అక్షరాలు తిరిగి రావు. ఆ 60 పేర్లూ మళ్లీ కొట్టాను. జాంప్‌తోనే వచ్చే పీహెచ్‌పీమైఅడ్మిన్ అనే డేటాబేస్ పేజీలో టేబుల్ తయారుచేసేటప్పుడు తెలుగును దాచగల యూటీఎఫ్8ఎంబీ4 అనే పద్ధతి ఉందో లేదో ముందుగా చూసుకోండి. ప్రశ్నార్థకాలు కాక వింత రోమన్ గుర్తులు కనిపిస్తే మాత్రం కంగారు పడకండి. అది తరచుగా చదివే పద్ధతిలోని తేడా, అక్షరాలు లోపల భద్రంగానే ఉండే అవకాశం ఉంది.

ఇంకొక చిక్కు. పొడవైన పేర్లను కుదించి చూపించబోతే చివర అక్షరం విరిగి, నల్లని వజ్రంలో ప్రశ్నార్థకం వచ్చేది. 'తెలుగు' అన్న మాటను మనం మూడక్షరాలంటాం. పీహెచ్‌పీలో మామూలు పొడవు లెక్క 18 అంటుంది, ఎందుకంటే అది అక్షరాలను కాక, కంప్యూటర్ వాటిని దాచే చిన్న ముక్కలైన బైట్లను లెక్కపెడుతుంది. ఎంబీ అని మొదలయ్యే లెక్క 6 అంటుంది, ఎత్వాన్నీ ఉకారాలనూ విడి విడిగా లెక్కిస్తుంది. గ్రాఫీమ్ అనే లెక్క ఒక్కటే 3 అంటుంది. 30 ఏళ్లు గుణింతాలు నేర్పినదాన్ని, ఆ మూడు కనబడగానే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అది పనిచేయాలంటే ఐఎన్‌టీఎల్ అనే పొడిగింపు కావాలి. జాంప్‌లో అది ఉంటుంది, కానీ నిద్రపుచ్చి ఉంటుంది. పీహెచ్‌పీ సెట్టింగుల ఫైలులో ఆ వరుస ముందున్న సెమికోలన్ తీసేసి, అపాచీని ఆపి మళ్లీ మొదలుపెడితే చాలు.

మేలో గాలివాన వచ్చిన రాత్రి కరెంటు పోయింది. నా కంప్యూటర్‌కు యూపీఎస్ లేదు. పొద్దున డేటాబేస్ లేవలేదు, 2,700 పుస్తకాల వివరాలు అందులోనే ఉన్నాయి. చేతులు చల్లబడ్డాయి. మేనల్లుడికి ఫోను చేస్తే, "అత్తయ్యా, ఏదీ తుడిచేయకండి. ముందు డేటా ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి" అన్నాడు. తరవాత అతను చెప్పినట్టు డేటా ఫోల్డర్ పేరు మార్చి, పక్కనే జాంప్‌తో వచ్చిన బ్యాకప్ ఫోల్డర్‌ను కాపీ చేసి దానికి డేటా అని పేరు పెట్టాను. పాతదానిలోంచి నా డేటాబేస్ ఫోల్డరునూ డేటాబేస్ వివరాలు దాచే ఐబీడేటా1 అనే ఫైలునూ తెచ్చి ఇందులో పెట్టాను. లేచింది! ఒక్క పుస్తకం కూడా పోలేదు. ఇప్పుడు ప్రతి శనివారం జాబితాను ఎగుమతి చేసి రెండు చోట్ల దాస్తున్నాను. రాత్రి కంప్యూటర్ ఆపే ముందు స్టాప్ బొత్తాం నొక్కకుండా లేవను.

జాంప్‌లో నాకు బాగా నచ్చిన విషయం, ఏది చెడినా కారణం లాగ్స్ బొత్తాం వెనక మామూలు అక్షరాల్లో రాసి ఉండటం. నచ్చనివీ ఉన్నాయి. డేటాబేస్ ప్రధాన ఖాతాకు మొదట పాస్‌వర్డ్ ఉండదు, కాబట్టి దీన్ని ఇంటి పనికే ఉంచాలి, బయటి ప్రపంచానికి తెరిచి పెట్టకూడదు. నేను పెట్టుకున్న ప్రతిలో పీహెచ్‌పీ 8.2.12 ఉంది. ఆ తరవాత 8.3, 8.4 వచ్చాయి. పీహెచ్‌పీ ఒక్కదాన్నే మార్చుకునే సులువైన బొత్తాం ప్యానెల్‌లో లేదు. రోజూ నాలుగైదు రకాల సైట్లు రాసేవారికి ఇది ఇబ్బందే. నాలాగా ఒక్క పనికి వాడేవారికి ఏ లోటూ లేదు.

పోయిన ఆదివారం కంప్యూటర్‌ను గ్రంథాలయానికి తీసుకెళ్లాను. అక్కడి వైఫైలో నా కంప్యూటర్ చిరునామాను గ్రంథపాలకుడి ఫోనులో కొడితే ముందు తెరుచుకోలేదు. విండోస్ ఫైర్‌వాల్‌లో అపాచీకి అనుమతి ఇచ్చాక తెరుచుకుంది. డేటాబేస్ పేజీ మాత్రం ఫోనుకు తలుపు తీయలేదు, అది సొంత కంప్యూటర్‌కు తప్ప ఎవరికీ తెరుచుకోకుండా జాంప్ ముందే కట్టడి చేసింది. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఆ ఫోను తీసుకుని 'చందమామ' అని కొట్టింది. మూడో బీరువా, కింది అర అని వచ్చింది. పరుగెత్తింది.